మెట్ల కిటికీకి ఫ్లెమింగోల స్టెయిన్డ్ గ్లాస్ చేయిద్దామని, ముందుగా ఏం అడగాలి?

వేదాయపాళెం వాసి:
అందరికీ నమస్తే. నెల్లూర్లో ఇల్లు కట్టుకుంటన్నాం, ప్లాస్టరింగ్ నడస్తా ఉంది. మెట్ల మధ్యలో ల్యాండింగ్ దగ్గర పెద్ద కిటికీ వదిలాం, వెడల్పు 3 అడుగులు, ఎత్తు 5, పడమర వైపు. అందులోంచి చూస్తే పక్కింటోళ్ళ వాటర్ ట్యాంకు తప్ప ఇంకేమీ కనపడదు కాబట్టి మామూలు అద్దం వద్దు, స్టెయిన్డ్ గ్లాస్, అంటే రంగుటద్దాల ముక్కలు కూర్చి చేసే బొమ్మ, పెట్టిద్దాం అని మా ఆవిడ పట్టు. తనది సూళ్ళూరుపేట, చలికాలం వస్తే పులికాట్‌లో ఫ్లెమింగోలు చూస్తా పెరిగింది, అందుకని నీళ్ళలో నిలబడ్డ నాలుగైదు ఫ్లెమింగోలు, వెనక ఎర్రటి సాయంత్రం ఆకాశం, ఇదీ డిజైను. ఊళ్ళో ఒక గ్లాసు షాపులో అడిగితే అడుగు 900 అన్నాడు, చెన్నైలో చేసే ఆయన్ని ఫోన్లో అడిగితే 3500 నుంచి మొదలన్నాడు. పేరు ఒకటే గదా, ఇంత తేడా ఏంది? ఇంకో రెండు. మా అమ్మేమో ముక్కల్ని కూర్చే సీసం విషం, ఇంట్లో పిల్లకాయలు ఉండారు వద్దు అంటది, మా నాయనేమో పడమటి ఎండకి సీసం కరిగి కారిపోద్ది అంటన్నాడు. చేయించుకున్నోళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి.

కావలి కోడలు:
తమ్ముడూ, ఆ 900 ది దాదాపుగా ఫిల్మ్ పని అయ్యుంటది. ఒకే పలక అద్దం తీసుకుని దాని మీద రంగు ఫిల్మ్ ముక్కలు కోసి అంటించి, గీతలు వచ్చే చోట జిగురున్న సీసం టేపు నొక్కుతారు. కొంతమంది రెజిన్ రంగు పోస్తారు, ఇంకొంతమంది మెషిన్ మీద ప్రింటు కొట్టిస్తారు. అన్నిటికీ షాపులో స్టెయిన్డ్ గ్లాస్ అనే పేరు, ఫోటోలో చూస్తే మనం కనిపెట్టలేం. అసలుదాన్లో అద్దమే రంగు, అద్దం కరిగించేటప్పుడే కోబాల్ట్ కలిపితే నీలం వస్తది, అట్టా ఒక్కో రంగు ఒక్కో లోహంతో, అందుకని ఎన్నేళ్ళు ఎండలో ఉన్నా వెలవదు. ఒక్కో ముక్కా విడిగా కోసి సీసం పట్టీల్లో కూర్చి టంకం పెడతారు, ఆ కూలికే రేటు.

తెలుసుకోవాలంటే శాంపిల్ని ట్యూబ్‌లైట్ కింద పట్టి ఏటవాలుగా చూడు. అద్దంలో కనపడే లైటు నీడ పలకంతా ఒకే గీతగా సాగితే అది ఒకే అద్దం. ముక్క ముక్కకీ విరిగి వంకర్లు పోతే అసలుది. వెనక తడిమి చూడమని అందరూ చెప్తారు గానీ తెలివైనోళ్ళు రెండు పక్కలా టేపు వేస్తండారు ఇప్పుడు.

ఫిల్మ్ అంటే పనికిరానిదని కాదులే. మా పూజ గది తలుపుకి నేను తెలిసే ఫిల్మ్‌ది పెట్టిచ్చుకున్నా, అక్కడ ఎండే పడదు, దానికి అంత డబ్బు ఎందుకు. నీ పడమటి కిటికీకి మాత్రం వద్దు, రంగు వెలిసిపోయి అంచులు లేస్తాయి.

అమ్మగారికి చెప్పు, సీసం నోట్లోకో, దాని దుమ్ము ఊపిరిలోకో పోతేనే గొడవ. పిల్లకాయలు దాన్ని గీకి నోట్లో పెట్టుకోకుండా ఉంటే చాలు, ముట్టుకుంటే చేతులు కడుక్కోమను. ల్యాండింగ్‌లో కిటికీ కిందనుంచే మొదలైతే లోపలి పక్క ఒక మామూలు అద్దం వేయించు, అప్పుడు చెయ్యే తగలదు.

టంకం మాస్టారు:
సొంతూరు కందుకూరు, చెన్నైలో వర్క్‌షాపులో చాన్నాళ్ళు ఈ పనే చేశా. ముందు నాయనగారి సంగతి. సీసం కరగాలంటే 327 డిగ్రీలు కావాలి, రోహిణి కార్తెలో కూడా మన నెల్లూరు అంత దూరం పోదు. కానీ ఆయన భయంలో కొంచెం నిజం ఉంది, సీసం మెత్తది, రోజూ ఎండకి సాగి రాత్రికి సర్దుకుంటా ఏళ్ళు గడిచేకొద్దీ పెద్ద పానెల్ అయితే మధ్యలో పొట్ట పెడతది. మీది 15 చదరపు అడుగులు, 3 మిల్లీమీటర్ల అద్దమే 10 కిలోల పైన తూగుతది, సీసం టంకం కలిస్తే ఇంకా ఎక్కువ. ఒకే ముక్కగా చేస్తాం అనే వాడికి దండం పెట్టి వచ్చేయండి. అడ్డంగా మూడు ముక్కలు చేయించి మధ్యలో సన్న లోహపు బద్దలు పెట్టించండి, ఆ బద్దలు డిజైన్లో నీటి గీత (పక్షుల కాళ్ళు నీళ్ళలో మునిగే చోటు) మీద ఒకటి, నీళ్ళూ ఆకాశం కలిసే చోట ఒకటి వచ్చేటట్టు గీయిస్తే అవి ఉన్నట్టే తెలవదు.

ఇప్పుడు ఫ్లెమింగో. చూడ్డానికి ఎంత అందమో కొయ్యడానికి అంత తలనొప్పి పక్షి. మెడ ఎస్ ఆకారంలో వంపు తిరుగుద్ది గదా, అద్దం అట్టా లోపలికి లోతుగా తెగదు, తెగినా తర్వాత ఆ మూల నుంచే పగులుద్ది. అందుకని మెడ రెండు మూడు ముక్కలు చెయ్యాలి, మెడ వంపులో ఉన్న ఆకాశాన్ని కూడా చీల్చాలి, ఆ చీల్చిన గీతలు ఇంకో గీతనో అంచునో కలవాల్సిందే. ఎవరన్నా మీకు స్కెచ్ పంపితే గీతలన్నీ వేలితో పట్టుకుని పొండి, ఏ గీతైనా అద్దం మధ్యలో గాల్లో ఆగిపోయిందంటే ఆ గీసినోడు ఎప్పుడూ అద్దం కొయ్యలేదని అర్థం. కాళ్ళకి అసలు అద్దం వాడొద్దు. అంత సన్న ముక్క నిలవదు, గీతనే కాలుగా వదిలేయాలి. ముక్కు, మెడ, తల లాంటి చిన్న ముక్కలకి కాపర్ ఫాయిల్ పద్ధతి బాగుంటది, అంటే ముక్క అంచుకి రాగి రేకు చుట్టి దాని మీద టంకం పోస్తారు, గీత సన్నగా వస్తది. ఆకాశం, నీళ్ళకి సీసం పట్టీ. రెండూ ఒకే పానెల్లో కలిపి చెయ్యొచ్చు, చేస్తారా అని అడగండి.

ఇంకో ఖర్చు మాట. అద్దంలో గులాబీ రంగు ఖరీదు, మంచి పింక్ రావాలంటే బంగారం కలుపుతారు కాబట్టి. అయితే పులికాట్‌కి వచ్చే పెద్ద ఫ్లెమింగో నిజానికి అంత పింక్ కాదు, ఒళ్ళంతా తెలుపు, కొద్దిగా గులాబీ ఛాయ, రెక్క మీద మాత్రం ముదురు, రెక్క చివర్లు నలుపు. చెల్లెమ్మకి బాగా తెలిసే ఉంటది. ఒంటికి పాల రంగు ఓపల్ అద్దం వేయించి రెక్క దగ్గర ఒక్క ముక్క పింక్ పెడితే పక్షికి పక్షీ అచ్చంగా ఉంటది, డబ్బులూ మిగుల్తాయి.

కంటికి, ఈకల గీతలకి పెయింట్ వాడతామంటే దాన్ని కొలిమిలో కాలుస్తారా అని అడగండి. 600 డిగ్రీల పైన కాలిస్తే ఆ రంగు అద్దంలో భాగం అయిపోద్ది. మెదక్ చర్చి కిటికీల్లో మొహాలు, బట్టల మడతలు అట్టా రంగేసి కాల్చినవే, అందులో మొదటిది 1927 నాటిది, పోయి చూడండి. కాల్చకుండా పూసింది మీ ఎండకి పొరలు లేస్తది.

డబ్బు ఒకేసారి ఇవ్వొద్దు. స్కెచ్ ఓకే అయినాక కొంత, అద్దం ముక్కల శాంపిల్స్ మీ కిటికీలోనే ఎండకి పట్టి చూసినాక కొంత, ముక్కలన్నీ కోసి టంకం పెట్టకముందు పరిచిన ఫోటో పంపినాక కొంత. ఆ ఫోటో అప్పుడు రంగు మార్చమంటే మారుస్తారు, టంకం పడినాక ఎవరూ మార్చరు.

ఒంగోలు గిత్త:
మాస్టారు చెప్పినవన్నీ కరెక్టే గానీ అసలు అడగాల్సింది ఎవరూ అడగలా. పడమర కిటికీకి ఎర్ర ఆకాశం ఏంది సామీ? ఏప్రిల్లో నాలుగింటికి మెట్లెక్కితే కొలిమిలోకి పోయినట్టు ఉంటది, గోడలన్నీ ఎరుపు. ఆకాశానికి లేత నీలమో ఆకుపచ్చ కలిసిన బూడిద రంగో వేసుకోండి, సాయంత్రం ఎరుపు సూర్యుడే తెస్తాడు, దానికి డబ్బులు కట్టడం ఎందుకు. ఇంకోటి, రాత్రి ఇంట్లో లైట్లు వేస్తే మీకు లోపల నుంచి నల్లగా కనపడతది, బొమ్మంతా వీధిలోకి వెలుగుద్ది. అంటే రాత్రిపూట మీ ఫ్లెమింగోలు పక్కింటి ట్యాంకుకి కనపడతాయి అన్నమాట. బయట గోడకి ఒక చిన్న లైటు పాయింట్ ఇప్పుడే లాగించుకోండి, ప్లాస్టరింగ్ అయిపోతే మళ్ళీ గోడ పగలగొట్టాల.

నన్నడిగితే ఇదంతా లేకుండా పాత మిద్దెల్లో గుమ్మం పైన ఉండేవే, చెక్క చట్రంలో గళ్ళు గళ్ళుగా రంగుటద్దాలు, మంచి కార్పెంటర్ చేసిస్తాడు, సీసం లేదు చెన్నై లేదు, ఒకటి పగిలితే ఒకటే మార్చుకోవచ్చు. గూడూరు, చిల్లకూరు పక్క ఇసక లారీలకెత్తి గ్లాసు ఫ్యాక్టరీలకి పంపిస్తాం గానీ రంగు అద్దం ముక్క కావాలంటే మనం మళ్ళీ పక్క రాష్ట్రానికి పోవాల.

వేదాయపాళెం వాసి:
గిత్త గారూ, ట్యాంకు మాట మా ఆవిడకి చదివి వినిపించా, నవ్వి నవ్వి చివరికి ఆకాశం నీలానికి ఒప్పుకుంది. గళ్ళ అద్దాలకి మాత్రం ఒప్పుకోలా, పక్షులు ఉండాల్సిందేనంట. గృహప్రవేశం మాఘంలో అనుకుంటన్నాం, కొలతలు ఇప్పుడే చెన్నైకి పంపేదా?

ఫ్రేముల బాబు:
ఆగండన్నా, ఇప్పుడు పంపొద్దు. అల్యూమినియం పని చేస్తా కాబట్టి చెప్తన్నా, గోడ కొలత వేరు, ఫ్రేమ్ కొలత వేరు. కిటికీ ఫ్రేమ్ బిగించినాక వెడల్పు మూడు చోట్ల, ఎత్తు మూడు చోట్ల కొలవండి, మూల నుంచి మూలకి రెండు పక్కలా కొలవండి. వెడల్పుల్లో తక్కువది, ఎత్తుల్లో తక్కువది తీసుకుని చుట్టూ 3 మిల్లీమీటర్లు సందు వదలమని చెప్పండి. బయట పక్క 5 మిల్లీమీటర్ల టఫెన్డ్ గ్లాస్ (వేడి చేసి గట్టిపరిచిన అద్దం) తప్పనిసరి, తుఫాను గాలిని అది తట్టుకుంటది, మీ పానెల్ దాని వెనక లోపలి పక్క ఉండాల. రెంటికీ మధ్య సందుని పూర్తిగా మూసేయకుండా లోపలికి చిన్న చిల్లులు ఉంచితే తేమ పట్టదు. టఫెన్డ్‌ని ఒకసారి చేసినాక కొయ్యలేం కాబట్టి దానికీ ఇవే కొలతలు. సిలికాన్ మాత్రం న్యూట్రల్ అని రాసుండేది కొనండి, వెనిగర్ వాసన కొట్టేది సీసాన్ని తినేస్తది. తెచ్చేటప్పుడు కార్లో పడుకోబెట్టి తేవద్దు, అంచు మీద నిలబెట్టి తాళ్ళు కట్టాల.

కావలి కోడలు:
ఇంట్లో పనమ్మాయికి కూడా ముందే చెప్పు, ఇత్తడి సామాను తోమినట్టు చింతపండో నిమ్మకాయో పెట్టి గీతలు మెరిపిస్తే సీసం గీతల మీదుండే నల్ల రంగంతా పోయి మచ్చలు పడతాయి. పాత బనీను గుడ్డ తడిపి తుడిస్తే చాలు.

ఒంగోలు గిత్త:
అన్నీ సరే, ఆ కిటికీ ఇంక తెరుచుకోదు గదా, మెట్ల మీద వేడి యాడకి పోతది?

వేదాయపాళెం వాసి:
అది ఆలోచించలా అన్నా. పైన ఒక అడుగు వెంటిలేటర్‌కి వదిలేస్తే పానెల్ 4 అడుగులే అవుద్ది. మాస్టారూ, అప్పుడు రెండు ముక్కలు సరిపోతాయా?

టంకం మాస్టారు:
సరిపోతాయి. ఒక్క బద్ద, నీటి గీత మీద. స్కెచ్ వచ్చినాక ఇక్కడ పెట్టండి, మెడ దగ్గర గీతలు నేను చూస్తా.