ప్లే బటన్ వదిలితే పాట ఆగుతోంది, ఫేడర్ ముట్టుకుంటే సౌండ్ ఎగిరిపడుతోంది

దేవరకొండ తమ్ముడు:
అన్నలందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ డీజే కంట్రోలర్ (పాటలు కలిపి వాయించడానికి లాప్‌టాప్‌కు తగిలించే బటన్ల డబ్బా) కొన్నాను, ఊరూ పేరూ లేని కంపెనీది. లాప్‌టాప్‌లో మిక్స్ అనే డీజే సాఫ్ట్‌వేర్ వేసుకున్నా, అదే, ఫ్రీగా వస్తుంది, పేరు చివర మూడు ఎక్స్‌లు ఉంటాయి కదా అది. దాని లిస్టులో నా కంట్రోలర్ లేదు. అందుకని అందులోని లెర్నింగ్ విజార్డ్ తెరిచి ఒక్కో బటన్ నొక్కుకుంటూ నేనే మ్యాపింగ్ చేసుకున్నా, అంటే ఏ బటన్ ఏ పని చేయాలో నేర్పించా.

మొన్న మా బాబాయి కొడుకు బరాత్‌లో పరువు పోయింది. ప్లే నొక్కితే పాట మొదలవుతుంది, వేలు తీస్తే ఆగిపోతుంది. పాట అయ్యేదాకా బటన్ పట్టుకుని నిలబడాలా? మౌస్‌తో వాల్యూమ్ తగ్గించి, కాసేపయ్యాక కంట్రోలర్ మీద ఫేడర్ (వాల్యూమ్ కోసం పైకీ కిందికీ జరిపే పిడి) అలా ముట్టుకున్నానో లేదో సౌండ్ ఒక్కసారి ఎగిరింది, పెళ్లికొడుకు ఎక్కిన గుర్రం బెదిరింది. పాటల లిస్టు కోసం పెట్టిన నాబ్ కుడికి తిప్పితే మంచిగ ఒక్కో పాట దిగుతుంది, ఎడమకు తిప్పినా కిందికే పోతుంది, అదీ ఎక్కడికో దూకుతుంది. వచ్చే వారం ఇంకో ఫంక్షన్ ఉంది, టెన్షన్‌గా ఉంది. కంట్రోలరే ఖరాబైందా?

పాలమూరోడు:
ఖరాబు కాలేదు తమ్మీ, అది చేయాల్సిన పని అది చేస్తోంది. కంట్రోలర్‌కు వాల్యూమ్ తెలియదు, పాట తెలియదు. ఫలానా బటన్ నొక్కారు, వదిలారు, ఫలానా నాబ్ 0 నుంచి 127 లోపు ఇక్కడుంది, ఇంతే పంపుతుంది. ఇలా మెసేజ్‌లు పంపే పద్ధతిని మిడి అంటారు, అది 1983లో మ్యూజిక్ కీబోర్డుల కోసం వచ్చింది, కీ వదిలితే స్వరం ఆగాలి కాబట్టి వదిలిన సంగతి కూడా చెప్పడం దాని అలవాటు. నువ్వు విజార్డ్‌లో స్విచ్ మోడ్ టిక్ పెట్టి ఉంటావు. అది ఉంటే వచ్చిన ప్రతి మెసేజ్‌నూ నొక్కినట్టే లెక్కేస్తుంది, నొక్కితే ప్లే, వదిలితే మళ్లీ నొక్కినట్టు, పాట బంద్. ఆ టిక్ తీసేయ్.

లిస్టు నాబ్ చుట్టూ తిరిగే రకం, దానికి మొదలూ చివరా లేవు. కుడికి ఒక్క మెట్టు తిప్పితే 1 పంపుతుంది, ఎడమకు 127. ఆ 127 అంటే మైనస్ 1 అని సాఫ్ట్‌వేర్‌కు మనం చెప్పాలి, లేకపోతే 127 పాటలు కిందికి దూకుతుంది. అదే విజార్డ్‌లో జాగ్ వీల్, సెలెక్ట్ నాబ్ అని ఒక టిక్ ఉంటుంది, అది పెట్టు. ఫేడర్‌కేమో సాఫ్ట్ టేకోవర్ పెట్టు. స్క్రీన్ మీద వాల్యూమ్ ఎక్కడుందో అక్కడికి ఫేడర్ వచ్చేదాకా సాఫ్ట్‌వేర్ ఫేడర్‌ను పట్టించుకోదు, గుర్రం బెదరదు.

నల్లగొండ బాక్సులు:
పైన అన్న చెప్పింది కరెక్టే, కాకపోతే సాఫ్ట్ టేకోవర్ బాగుంది కదా అని అన్నిటికీ పెట్టకు. క్రాస్‌ఫేడర్‌కు (ఒక పాట నుంచి ఇంకో పాటకు మార్చే అడ్డం పిడి) అస్సలు వద్దు, వేగంగా కొట్టినప్పుడు మధ్యలో కొన్ని కదలికలను వదిలేస్తుంది, చెయ్యి అటుంటే సౌండ్ ఇటుంటుంది. వాల్యూమ్, ఈక్యూ (బేస్, ట్రెబుల్ సర్దేవి), టెంపో (పాట వేగం), వీటికి చాలు.

ఇంకోటి, సెకండ్ హ్యాండ్ అన్నావు. ఎవరూ ముట్టుకోకుండానే ఫేడర్ 63, 64, 63 అని కొట్టుకుంటుంటే అది మ్యాపింగ్ తప్పు కాదు, లోపల దుమ్మో అరుగుదలో, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి నాలుగైదుసార్లు పైకీ కిందికీ ఆడించి చూడు. కంట్రోలర్ పంపే నంబర్లు చూడాలంటే విండోస్‌లో మిడి ఆక్స్ అనే ప్రోగ్రామ్ ఉంది, ఉచితమే. చూశాక మూసెయ్, చాలా డ్రైవర్లు ఒకసారి ఒక్క ప్రోగ్రామ్‌కే దొరుకుతాయి, అది తెరిచి ఉంటే మిక్స్‌కు కంట్రోలర్ అందదు. నేనొకసారి దీనికోసం కేబుల్ కూడా మార్చాను, రెండు గంటలు పోయాయి.

దేవరకొండ తమ్ముడు:
అన్నా, స్విచ్ మోడ్ టిక్కే! ఏదో మంచిది అనుకుని అన్ని బటన్లకూ పెట్టాను. లిస్టు నాబ్ కూడా సెట్ అయింది. ఫేడర్ రేపు పెద్ద బాక్సులు పెట్టి చూస్తా. కానీ ప్లే కింద లైటు వెలగట్లేదు, ఇది కూడా విజార్డ్‌లోనేనా?

పాలమూరోడు:
కాదు. విజార్డ్ కంట్రోలర్ నుంచి వచ్చేదే నేర్చుకుంటుంది, లైటుకు సాఫ్ట్‌వేర్ నుంచి తిరిగి మెసేజ్ పోవాలి. కంట్రోలర్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ మ్యాపింగ్స్ అని వేరే ట్యాబ్ ఉంది, అక్కడ ప్లేకు ఒక వరుస కలిపి, బటన్ ఏ నోట్ నంబర్ (మిడిలో ఆ బటన్‌కున్న నంబర్) పంపుతుందో ముందు అదే నంబర్ వేసి చూడు, చాలా వాటికి అదే పనిచేస్తుంది. ఆ మ్యాపింగ్ ఫైలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకో, ఫంక్షన్‌కు వేరేవాళ్ల లాప్‌టాప్ దొరికినా పని నడుస్తుంది.