హాల్ మూల మట్టానికి లేదు, టైల్స్‌కి దారం ఎక్కడి నుంచి కట్టించాలి?

అందరికీ నమస్కారం. ఖమ్మం దగ్గర మా కొత్త ఇంట్లో వచ్చే వారం టైల్స్ పని మొదలవుతుంది. హాల్ 16 × 12 అడుగులు, వేసేవి 2 × 2 అడుగుల విట్రిఫైడ్ టైల్స్.

మెయిన్ డోర్ పక్క మూలలో ఒక గోడ మీద 6 అడుగులు, రెండో గోడ మీద 8 అడుగులు గుర్తు పెట్టి ఐమూలగా కొలిస్తే, మూల సరిగ్గా 90 డిగ్రీలుంటే 10 అడుగులు రావాలి కదా. ఒక అంగుళం ఎక్కువ వస్తోంది. అంటే పొట్టి గోడ అవతలి చివరికి వెళ్లేసరికి దాదాపు రెండున్నర అంగుళాల తేడా. ప్లాస్టరింగ్ అయిపోయింది, గోడ సరిచేయడం ఇక కుదరదు.

మేస్త్రీ గారు పొడవు గోడను పట్టుకునే వేసుకుపోదాం అంటున్నారు. అలా చేస్తే గుమ్మం దగ్గరే ముక్క ఏటవాలుగా కనిపిస్తుందని నా టెన్షన్. గుమ్మానికి సమాంతరంగా ఒక దారం, దానికి 3-4-5 లెక్కలో (పైన చెప్పిన 6-8-10 లాంటిదే) 90 డిగ్రీల్లో అడ్డంగా ఇంకోటి కట్టించి, కోత ముక్కలన్నీ సోఫా వచ్చే గోడ వైపు నెట్టేస్తే మేలు కాదా? హాల్‌లోంచి బెడ్‌రూమ్‌లోకి కూడా ఇవే టైల్స్ వెళ్తాయి. జాయింట్లు కలవాలంటే రెండు గదులకూ ముందే దారం కట్టాలా, లేక గడప దగ్గర గ్రానైట్ పట్టీ వేసి విడదీయొచ్చా?

ఈ పని చేయించినవాళ్లు, చేసేవాళ్లు దయచేసి చెప్పండి.