వేరుశనగ పొలానికి రైజోబియం పొట్లం అవసరమా?

ఎర్రనేల: అనంతపురం ప్రాంతపు ఎర్ర నేలల్లో మా కుటుంబం తరతరాలుగా వేరుశనగనే సాగు చేస్తోంది. విత్తనానికి రైజోబియం కల్చర్, అంటే వేరులో చేరి మొక్కకు నత్రజని అందించే బాక్టీరియా ఉన్న పొడి, పట్టించమని ప్రతి ఖరీఫ్‌లోనూ సలహా ఇస్తున్నారు. ఆ బాక్టీరియా మా నేలలో ముందే ఉన్నప్పుడు మళ్ళీ కొని వేయడం దేనికో తెలిసినవారు వివరించగలరని మనవి.

పైరునేస్తం: తప్పక పట్టించాలండీ. గాలిలో 78 శాతం ఉన్న నత్రజనిని మొక్కకు అందించే జీవి అది. ఎకరం విత్తనానికి 200 గ్రాముల పొట్లం సరిపోతుంది. యూరియా బస్తా ఖర్చుతో పోలిస్తే అది లెక్కలోకే రాదు.

వేరుబుడిపె: పైరునేస్తం గారు చెప్పినది సోయాచిక్కుడు విషయంలో నూటికి నూరుపాళ్ళూ నిజం. ఆ పంట మనకు బయటి నుంచి వచ్చింది, దానికి తగిన బాక్టీరియా మన నేలల్లో సహజంగా లేదు, కనుక ఆదిలాబాద్‌లో మొదటిసారి సోయా వేసే రైతు కల్చర్ మానకూడదు. వేరుశనగ స్వభావం వేరు. అది రైజోబియంకు దగ్గరి బంధువైన బ్రాడీరైజోబియం తెగకు చెందిన ఎన్నో రకాలతో వేళ్ళపై బుడిపెలు కట్టించుకుంటుంది, ఆ బుడిపెల్లోనే బాక్టీరియా ఉండి నత్రజనిని అందిస్తుంది. ఏళ్ళ తరబడి వేరుశనగ పండిన నేలలో అవి ఇప్పటికే స్థిరపడి ఉంటాయి కాబట్టి, పొట్లంలోని కొత్త బాక్టీరియా వాటితో పోటీపడి వేరులో చోటు సంపాదించుకోవడం చాలా కష్టం. అందుకే పాత వేరుశనగ పొలాల్లో ప్రతి ఏటా పొట్లం కొనమని చెప్పడం నాకు సమ్మతం కాదు. పూత దశలో నాలుగైదు మొక్కలను మట్టిగడ్డతో సహా తవ్వి తీసి, బుడిపెలను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ లేదా ఎరుపు రంగు ఉంటే అవి పనిచేస్తున్నట్లే. ఆకుపచ్చగానో తెల్లగానో ఉంటే ఆలోచించాలి. యూరియా ఎక్కువ వేసిన పొలంలో బుడిపెలు సరిగా కట్టవన్న సంగతి కూడా మరువకూడదు.

పైరునేస్తం: స్థానిక బాక్టీరియా సంఖ్యలో ఎక్కువైనంత మాత్రాన పనిలోనూ మెరుగైనదని ఎలా అనుకోగలం? పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్‌లో 1980 దశకంలో ఎన్‌సీ 92 అనే బాక్టీరియాను రాబట్ 33-1 రకం వేరుశనగకు అందించినప్పుడు దిగుబడి పెరిగిన ప్రయోగాలు ఉన్నాయి. స్థానిక బాక్టీరియా ఉన్న నేలలోనే అది సాధ్యమైంది కదా!

వేరుబుడిపె: ఆ ప్రయోగాలను నేను కాదనడం లేదు. అయితే ఒక రకం వేరుశనగకు కుదిరిన బాక్టీరియా మరో రకానికి అంతగా కుదరకపోవచ్చు. పైగా అక్కడ దానిని నీటిలో కలిపి, సాలులో విత్తనం పక్కన పడేలా పోసే పద్ధతిని అనుసరించారు. మన రైతు కుళ్ళు తెగులుకు భయపడి మందు పట్టించిన గింజకే కల్చర్ కూడా పూస్తాడు, అక్కడే చాలా బాక్టీరియా చచ్చిపోతుంది.

ఎర్రనేల గారూ, వరి మాగాణిలో కొత్తగా వేరుశనగ వేస్తుంటే మాత్రం కల్చర్ వాడండి, దానిని చివికిన పశువుల ఎరువులో కలిపి సాళ్ళలో వేయండి. పాత పొలంలోనూ ప్రయత్నించాలనిపిస్తే కొన్ని సాళ్ళను కల్చర్ లేకుండా వదిలి, కాయ బరువును విడివిడిగా తూచండి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పొడి కల్చర్‌లో గ్రాముకు కనీసం 5 కోట్ల సజీవ కణాలు ఉండాలి. వేసవి ఎండకు వేడెక్కిన రేకుల గదిలో నిలవ ఉన్న పొట్లంలో అన్ని బతికి ఉండవు కనుక, గడువు తేదీతో పాటు దానిని ఎక్కడ దాచారో కూడా అడిగి కొనండి.