రుషికొండ ఒడ్డు నుంచి 5 వాట్లతో 10 సీడబ్ల్యూ కాంటాక్టులు: సెటప్ ఎలా?

ఒంటి_డిట్:
నమస్తే అండీ. హామ్ రేడియో జనరల్ గ్రేడ్ లైసెన్సు ఉంది. 5 వాట్ల సెట్టు, పాడిల్ (మోర్స్ కొట్టే మీట), 4 సెల్స్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ (3 ఆంపియర్ అవర్) ఉన్నాయి. చెవి ప్రస్తుతానికి 12 డబ్ల్యూపీఎం (నిమిషానికి 12 మాటలు) దాకా పట్టుకుంటోంది. ఒక్క పూటలో, బయట నుంచి, ఒట్టి మోర్స్‌లోనే (అదే సీడబ్ల్యూ) 10 స్టేషన్లతో కాంటాక్టులు పూర్తి చెయ్యాలన్నది పందెం. ముందు రుషికొండ ఒడ్డున, తర్వాత అరకులో. రెండు చోట్లకీ ఒకే యాంటెన్నా సరిపోతుందా? 5 వాట్లు తక్కువైపోతాయా?

గెడ_తీగ:
వాట్ల గురించి బెంగ వద్దు. 5 నుంచి 50కి పెంచినా అవతలివాళ్ళ మీటరు మీద రెండు ఎస్‌-పాయింట్లకి (సిగ్నల్ బలం చూపే మెట్లకి) మించి కదలదు. యాంటెన్నాలు మాత్రం రెండు పెట్టుకోండి, చోటుని బట్టి.

ఒడ్డున 20 మీటర్ల బ్యాండుకి పావు తరంగం నిలువు తీగ. 14.060 మెగాహెర్ట్జ్‌కి 5.1 మీటర్లు, అంతే పొడవు రేడియల్స్ (కింద పరిచే తీగలు) రెండు. 7 మీటర్ల ఫైబర్‌గ్లాస్ గెడకి తీగ చుట్టబెట్టి, ఫీడ్ పాయింటు (కేబుల్ తగిలే చోటు) నేలకి మీటరు ఎత్తులో ఉంచండి. కార్బన్ గెడ వద్దు, అది కరెంటు పారే వస్తువు, ట్యూనింగ్ మొత్తం చెదిరిపోతుంది. పొడి ఇసుక మీద పెడితే లాభం సున్నా. కెరటం తడి తగిలేంత దగ్గరగా ఉండాలి. ఉప్పునీరే మీకు అద్దం, తక్కువ కోణంలో సిగ్నల్‌ని దూరం తోస్తుంది. ఇండోనేషియా, ఆస్ట్రేలియా వైపు దారి చాలావరకు నీళ్ళే. యూరప్ మాత్రం మీ వీపు వెనక. ఆ పక్కన కొండ అడ్డొచ్చే చోట కూర్చోకండి.

గెడని నిలబెట్టే తాళ్ళకి ఇసుకలో మేకు నిలవదు. మూడు కూరగాయల సంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి, మోచేతి లోతున పాతండి.

అరకుకి 40 మీటర్ల బ్యాండు ఎండ్-ఫెడ్ హాఫ్ వేవ్ (ఒక చివర నుంచి కరెంటు అందే అర తరంగం తీగ). ప్లాస్టిక్ తొడుగున్న మామూలు ఇంటి వైరు 20.5 మీటర్లు కోసుకోండి, కావాలనే కాస్త ఎక్కువ. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి వెనక్కి తిరిగొచ్చే పవర్ కొలత) 6.90 మెగాహెర్ట్జ్ దగ్గర తగ్గి, మీకు 7.030 కావాలనుకుంటే 38 సెంటీమీటర్లు తగ్గించాలి. ముందే కత్తిరించెయ్యకండి, చివర వెనక్కి మడిచి చుట్టి చూడండి. ట్రాన్స్‌ఫార్మర్‌కి ఎఫ్‌టీ140-43 ఫెరైట్ రింగు: ప్రైమరీ 2 చుట్లు, సెకండరీ మొత్తం 14, ప్రైమరీకి అడ్డంగా 100 పికోఫారడ్, 1 కిలోవోల్ట్ కెపాసిటరు. 7 రెట్లు చుట్లు అంటే 49 రెట్లు ఇంపిడెన్సు, తీగ చివరి 2,450 ఓమ్‌లు 50కి దిగుతాయి. ఇదే తీగ 20, 15, 10 మీటర్లకీ పనికొస్తుంది.

అరకులో రైలు పట్టాలకి దూరంగా కూర్చోండి. కొత్తవలస–కిరండూల్ లైనుకి పైన 25 కిలోవోల్టుల తీగ ఉంది, దాని గరగరలో బలహీనమైన సిగ్నళ్ళు మునిగిపోతాయి. ఎత్తు కోసం కాదు, నిశ్శబ్దం కోసం కొండెక్కాలి.

ఉప్పుగాలి:
ఎండ్-ఫెడ్ వాడినప్పుడు పాడిల్ ముట్టుకోకుండానే డిట్‌లు రాలడం మొదలైతే కంగారు పడకండి. పవర్ సున్నా చేసి అవే అక్షరాలు పంపండి. తప్పులు పోయాయా, కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) పైపొర మీద పారే ఆర్‌ఎఫ్ (రేడియో కరెంటు) కీయర్‌లోకి (డిట్, డాలు తయారుచేసే సర్క్యూట్‌లోకి) దూరుతున్నట్టే. సెట్టు దగ్గర కోయాక్స్‌ని ఇంకో 43 రింగు మీద 10 చుట్లు చుట్టండి. ట్రాన్స్‌ఫార్మర్ మొదట్లోనే చుట్టకండి. ఆ మొదటి 2 మీటర్ల కోయాక్సే తీగకి కౌంటర్‌పాయిజ్ (యాంటెన్నాకి రెండో సగం లాంటిది). పవర్ సున్నాలో కూడా డిట్ అదనంగా వస్తే అది కీయర్‌లోని ఐయాంబిక్ బి మోడ్. వేలు తీశాక ఇంకో డిట్ లేదా డా కలిపేది దాని స్వభావం. ఐయాంబిక్ ‘ఏ’ మోడ్‌కి మార్చండి.

మన ఊరి గాలికి పాడిల్‌లో తగిలే లోహపు మొనలు తొందరగా మసకబారతాయి. తెల్ల కాగితం ముక్క మధ్యలో పెట్టి, తేలిగ్గా నొక్కి, లాగెయ్యండి. గరుకు కాగితం పెట్టారో, పూత పోతుంది.

బ్యాటరీ చూసుకోండి. ఫుల్ చార్జిలో 14.6 వోల్టులు. చిన్న కిట్ సెట్లు చాలావాటికి 12 వోల్టులే హద్దు, దాటితే ఫైనల్స్ (చివరి పవర్ ట్రాన్సిస్టర్లు) కాలిపోతాయి. రెండు డయోడ్‌లు సిరీస్‌లో పెడితే దాదాపు 1.4 వోల్టులు దిగుతుంది. అదీ చాలకపోతే మూడోది.

మెల్లగా_పంపు:
ఇక కాంటాక్టుల సంగతి. దేశంలో మోర్స్ వాళ్ళ కోసమే ఎదురుచూస్తే 10 నిండడం కష్టం. 40 మీటర్లలో పగటిపూట చెన్నై, హైదరాబాద్ దూరాలు అందుతాయి, అంతే. మిగిలినవి 20, 15 మీటర్లలో జపాన్, యూరప్ వాళ్ళవే కావాలి. పొద్దున తూర్పు వైపు, సాయంత్రం యూరప్ వైపు వినండి.

మిమ్మల్ని వెతికిపెట్టేది రివర్స్ బీకన్ నెట్‌వర్క్, అంటే మోర్స్ విని ఎవరు ఎక్కడ పిలుస్తున్నారో ఇంటర్నెట్‌లో పెట్టే రిసీవర్ల వల. దాని రిసీవర్లకి "సీక్యూ" (ఎవరైనా పలకండి) మాట, తర్వాత కాల్ సైన్ రెండుసార్లు, శుభ్రంగా వినబడాలి. అక్షరాల మధ్య ఖాళీ సాగదీస్తే మీ కాల్ తప్పు చదువుతాయి. ఓసారి పేరు పడితే పిలుపులు వాటంతటవే వస్తాయి. కంబాలకొండ లాంటి చోటు నుంచి చేస్తూ, అది పార్క్స్ ఆన్ ది ఎయిర్ (పార్కుల నుంచి రేడియో చేసే కార్యక్రమం) జాబితాలో ఉంటే ముందురోజే షెడ్యూల్ పెట్టండి. నెట్‌వర్క్ విన్న వెంటనే స్పాట్ (మీరు పిలుస్తున్నారన్న కబురు) అక్కడ దానంతటదే పడుతుంది.

12 డబ్ల్యూపీఎం పట్టుకునే చెవితో 20 డబ్ల్యూపీఎం వేగంలో సీక్యూ కొట్టకండి. వచ్చేవాళ్ళు మీ వేగంలోనే వస్తారు. ఇద్దరు ముగ్గురు కలిసి పిలిస్తే, వినబడిన రెండక్షరాలూ ప్రశ్నార్థకంతో తిరిగి పంపండి, మిగతావాళ్ళు ఆగుతారు. మొత్తం మళ్ళీ అడగొద్దు.

లైసెన్సులో పోర్టబుల్‌కి అనుమతి ఉందో లేదో ముందు చదువుకోండి, కాపీ వెంట ఉంచుకోండి. డాల్ఫిన్స్ నోస్ పక్క మాత్రం తీగ కట్టొద్దు, అది నేవీ జాగా.

ఒంటి_డిట్:
చాలా థాంక్సండీ. ఎండెక్కకముందే అయిపోవాలని తెల్లవారుజామున 5కి మొదలుపెడదామనుకుంటున్నా. సరేనా?

మెల్లగా_పంపు:
ఒడ్డు నుంచి సరదాకైతే సరే. పార్క్ లెక్కకైతే 5:30 దాటాకే మొదలుపెట్టండి. 10 కాంటాక్టులూ ఒకే యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) రోజులో ఉండాలి, మన 5:30కి అక్కడ తేదీ మారిపోతుంది. ముందు ఆరు, తర్వాత నాలుగు అయితే రెండు రోజులకి చీలిపోయి ఏదీ నిండదు. లాగ్‌లో టైము యూటీసీలోనే రాయండి, లొకేటర్ (చోటు తెలిపే కోడ్) వైజాగ్‌లో ఎన్‌కే17, అరకులో ఎన్‌కే18.