నార్వే ముత్తాత: చావు కాగితం ఉంది, పుట్టిన ఊరు దొరకట్లేదు

కూకట్‌పల్లి_తాతయ్య:
నమస్కారం. మా అల్లుడిది మిన్నెసోటా. మనవరాలి కోసం వంశవృక్షం గీస్తున్నాం. వాళ్ల వైపు ముత్తాత దగ్గరికొచ్చేసరికి బండి ఆగిపోయింది. చేతిలో ఉన్నవి: 1929 మరణ ధ్రువపత్రం (ఓలే హాన్సన్, తండ్రి హాన్స్ ఓల్సన్, పుట్టిన చోటు 'నార్వే', అంతే), సమాధి రాయి ఫొటో (1861–1929), 1900 అమెరికా జనాభా లెక్కల్లో వలస వచ్చిన ఏడాది 1882. నార్వే వాళ్ల డిజిటల్‌ఆర్కివెట్‌లో (పాత రికార్డుల వెబ్‌సైట్) ఓలే హాన్సెన్ అని కొడితే కుప్పలుతెప్పలుగా వస్తున్నాయి. న్యూయార్క్‌లో వలసదారులు దిగే ఎల్లిస్ ఐలాండ్‌లో దిగాడని ఇంట్లో అంటారు, అక్కడి జాబితాల్లో లేడు. ఇది హైదరాబాద్‌లో కూర్చుని అయ్యే పనేనా?

పాతకాగితాలు:
అయ్యే పనే సార్. ముందు డిజిటల్‌ఆర్కివెట్ మూసేయండి. ఊరి పేరు అమెరికా కాగితాల్లో తేలాకే నార్వే వైపు వెళ్లాలి. లేకపోతే ఎవరి ముత్తాతనో తెచ్చి మీ చెట్టుకి కట్టేస్తారు.

ఎల్లిస్ ఐలాండ్ తెరిచిందే 1892 జనవరి 1న. 1882లో న్యూయార్క్‌లో దిగి ఉంటే, అప్పట్లో వలసదారుల్ని దించుకున్న కాసిల్ గార్డెన్‌లోనే. క్యూబెక్‌లో దిగి రైలెక్కిన నార్వే వాళ్లూ చాలామంది, అందుకే కెనడా జాబితాలు కూడా చూడాలి.

మరణ ధ్రువపత్రంలో వివరాలు చెప్పింది ఎవరో 'ఇన్ఫార్మెంట్' గడిలో ఉంటుంది. సాధారణంగా కొడుకో కూతురో, నార్వే మొహం చూడనివాళ్లు. చనిపోయిన తేదీ, పూడ్చిన చోటు నమ్మండి. పుట్టిన తేదీ, తల్లి పేరు మాత్రం విన్న మాటే అనుకోండి.

ఊరి పేరు దొరికే అవకాశం ఎక్కువగా ఉన్నది ఆయన వెళ్లిన లూథరన్ చర్చి పుస్తకంలో. సభ్యత్వం, పెళ్లి, ఖననం పేజీల్లో పాస్టర్లు చాలాచోట్ల నార్వేలోని పారిష్ (ఒక చర్చి కిందికొచ్చే ప్రాంతం) పేరు రాసేవాళ్లు. పిల్లల బాప్తిస్మం పేజీలూ తిప్పండి. తర్వాత నార్వేజియన్ భాషా పత్రికల్లో సంతాప వార్తలు. అయోవా నుంచి వచ్చిన డెకోరా-పోస్టెన్ 1972 దాకా నడిచింది. ఇంగ్లిష్ పత్రికలో 'నార్వేలో పుట్టారు' అని వదిలేసిన మనిషికే ఇందులో ఊరితో సహా ఉండొచ్చు.

పౌరసత్వ కాగితాల మీద ఆశ తక్కువ పెట్టుకోండి. 1906 సెప్టెంబర్ 27కి ముందువైతే, స్వీడన్-నార్వే రాజుకి విధేయత వదులుకున్నాననే ముక్క తప్ప పెద్దగా ఏమీ ఉండదు.

సైనిక్‌పురి_శాస్త్రి:
పేరు సంగతి. హాన్సన్‌ని ఇంటిపేరు అనుకోకండి. హాన్స్ కొడుకు కాబట్టి హాన్సెన్, అక్కచెల్లెళ్లు హాన్స్‌దత్తెర్. తండ్రి ఓల్సెన్ అంటే తాత పేరు ఓలే. పెద్దకొడుక్కి తాత పేరు పెట్టడం మనకి కొత్తేమీ కాదుగా.

దాని వెనక పొలం పేరు వస్తుంది: హౌగెన్, బాకెన్, లిన్ లాంటివి. మన ఇంటిపేర్లలో ఊళ్లున్నట్టే అనిపిస్తుంది కానీ పెద్ద తేడా ఉంది. అది వంశం కాదు, చిరునామా. ఈ పొలం వదిలి ఆ పొలంలో చేరితే పేరూ మారిపోతుంది. స్థిరమైన ఇంటిపేరు తప్పనిసరి చేసిన చట్టం 1923లో వచ్చింది. అందుకే అన్నదమ్ములు ముగ్గురు అమెరికా వెళ్లి మూడు ఇంటిపేర్లతో స్థిరపడటం మామూలే. మీవాళ్ల ఊళ్లో పక్క సమాధులు చూడండి, తమ్ముడు హౌగెన్‌గా పడుకుని ఉండొచ్చు.

పారిష్ తెలిశాక డిజిటల్‌ఆర్కివెట్‌లో నార్వే 1865 జనాభా లెక్కలు తెరవండి. అందులో వయసు నడుస్తున్న ఏడాదితో కలిపి రాశారు. 1861లో పుట్టినవాడు 4 కాదు, 5 అని కనిపిస్తాడు. 'హాన్సెన్' అని పూర్తిగా కొట్టకుండా నక్షత్రం గుర్తు వాడి 'హాన్స్*' అని (వాళ్ల లిపిలోనే) వెతకండి, స్పెల్లింగ్ గొడవ తగ్గుతుంది.

గీత_తార్నాక:
నార్వే చర్చి పుస్తకాల స్కాన్లు కూడా అక్కడే, ఉచితమే. పారిష్ ఎంచుకుని, ఏళ్లు చూసి, 'ఫ్యోట్టె' (పుట్టినవారు) విభాగం తెరవండి. అక్షరాలు గోతిక్: e చూస్తే n లా ఉంటుంది, u నెత్తిన చిన్న కొక్కెం ఉంటుంది. తేదీ 4/7 అంటే జులై 4. మన లెక్కే, ముందు రోజు. అమెరికా కాగితంలో నెల ముందు. రెండూ సరిపోలట్లేదని అసలు మనిషిని వదిలేయకండి.

ఓలే, తండ్రి హాన్స్ ఓల్సెన్, 1861... దొరికాడని సంబరపడి ఆగొద్దు. అక్కడినుంచి ఐదారేళ్ల 'బెగ్రావెదె' (ఖననాలు) పేజీలు తిప్పండి. పసితనంలోనే పోయి ఉంటే తర్వాతి బిడ్డకి అదే పేరు పెట్టేవారు. మీకు కావలసినవాడు ఆ రెండోవాడు కావచ్చు.

ఆ గండం దాటితే కన్ఫర్మేషన్ (చర్చిలో విశ్వాసాన్ని ధ్రువీకరించుకునే వేడుక) పేజీ, 1876 చుట్టుపక్కల. పిల్లాడికి 14–15 ఏళ్లుంటాయి. పుట్టిన తేదీ, తల్లిదండ్రులు, మశూచి టీకా వేసిన తేదీ కూడా ఒకే వరసలో ఉంటాయి. చివరికి 'ఉట్‌ఫ్లిట్టెదె' (ఊరు విడిచినవారు)లో 'అమెరికా' అని కనిపిస్తే గట్టి ఆధారం.

కూకట్‌పల్లి_తాతయ్య:
చాలా థాంక్స్. ఓడ జాబితా నార్వే వైపు నుంచి వెతకొచ్చా?

పాతకాగితాలు:
వెతకొచ్చు. వలస వెళ్లేవాళ్లని పోలీసులు రాసుకున్న పుస్తకాలున్నాయి: క్రిస్టియానియా, ట్రోన్‌హైమ్‌వి 1867 నుంచి, బెర్గెన్‌వి 1874 నుంచి. క్రిస్టియానియా అంటే ఇప్పటి ఓస్లో, పేరు మారింది 1925లో. అందులో ఓడ పేరు చూసి అది అమెరికా చేరిందనుకోకండి, చాలాసార్లు అది ఇంగ్లండ్‌లోని హల్ దాకానే. అక్కడ దిగి, రైల్లో లివర్‌పూల్ వెళ్లి, పెద్ద ఓడ ఎక్కేవాళ్లు. అమెరికా జాబితాలో ఆ రెండో ఓడే ఉంటుంది. పైగా నార్వే నుంచి వలస అన్నిటికన్నా ఎక్కువ జరిగిన ఏడాది 1882. ఒక్క ఏడాదిలో 28 వేల మందికి పైగా వెళ్లారు. ఓలే హాన్సెన్‌లు అందులోనూ బోలెడుంటారు, పారిష్ లేకుండా దిగొద్దు.

సైనిక్‌పురి_శాస్త్రి:
ఒకటి మరిచా. పొలాల చరిత్ర రాసిన స్థానిక పుస్తకాలు (బిగ్‌దెబోక్) చేతికొస్తే, వాటి అకారాదిలో æ, ø, å మూడూ z తర్వాత ఉంటాయి. అమెరికాలో 'Aasen' అని రాసుకున్నవాడు అక్కడ 'Åsen'. మొదటి పేజీలో కాదు, ఆఖరి పేజీలో వెతకాలి.