పల్నాడును వెక్కిరించిన ఆ పద్యం నిజంగా శ్రీనాథుడిదేనా?

మాచర్ల_కుర్రోడు:
చిన్న చిన్న రాళ్లు చిల్లర దేవుళ్లు
నాగులేటి నీళ్లు నాపరాళ్లు
సజ్జ జొన్న కూళ్లు సర్పంబులును తేళ్లు
పల్లెనాటి సీమ పల్లెటూళ్లు
ఇది ఆయన కావ్యాల్లో ఎక్కడా లేదు, చాటువుగా, అంటే విడి పద్యంగా, నోటినోటా వచ్చింది. బాలచంద్రుడి కథ చెప్పే పల్నాటి వీరచరిత్ర కూడా ఆయన పేరు మీదే ఉంది. ఆ మనిషే ఇదీ రాశాడంటే నమ్మను.

ఛందోప్రియ:
ఎందుకు రాయడు? పూతన పాలు తాగానని, దవాగ్ని మింగానని గొప్పలు పోతావెందుకు, ఉడుకు బచ్చలికూరతో జొన్నకూడు ఒక్క ముద్ద మింగి చూడమని కృష్ణుణ్ణే సవాలు చేసిన పద్యం ఉంది. అదే గొంతు.

మాచర్ల_కుర్రోడు:
అదీ చాటువే కదండీ. చాటువుకి చాటువే సాక్ష్యమా?

కారంపూడి:
నాగులేరు మా ఊరి ఏరు. ఆ నీళ్ల పేరెత్తితే తిట్టెలా అయింది?

ఛందోప్రియ:
చాటువులన్నీ కొట్టేస్తే, బొడ్డుపల్లిలో పంట కృష్ణానది పాలై, ఏడు వందల టంకాల శిస్తు కట్టలేక ఎర్రటెండలో నిలబడ్డ శ్రీనాథుడూ ఉండడు. ఆ సీసపద్యం చదివి కన్నీళ్లు పెట్టుకుంటాం, ఇది మాత్రం వద్దంటామా? నచ్చినవి ఆయనవి, నచ్చనివి ఎవరివోనా?

మాచర్ల_కుర్రోడు:
మీకిది పద్యమే. ఇంటర్‌లో మా లెక్చరర్ ఇది చదివి, "పల్నాడు వాళ్లెవర్రా?" అని నన్ను లేపి నిలబెట్టారు. రెండేళ్లు నా పేరు జొన్నకూడు. మా నాయన నాపరాయి క్వారీలో పనిచేసి ఫీజు కట్టాడు. స్నానం చేసొచ్చినా కనురెప్పల మీద తెల్లపొడి పోయేది కాదు. ఆ రాళ్లనే క్లాసంతా నవ్వింది.

రెంటచింతల_అక్క:
1967లో సాగర్ నీళ్లొదిలాక కాలువ కింద వరి, మిర్చి వేశాం తమ్ముడూ. జొన్నరొట్టె మాత్రం ఇప్పటికీ మానలేదు.

ఛందోప్రియ:
బాబూ, అది ఆ లెక్చరర్ చేసిన తప్పు. కర్త ఎవరన్నది వేరే ప్రశ్న.

మాచర్ల_కుర్రోడు:
వేరే ఎలా అవుతుందండీ? ఊరూపేరూ లేనివాడు అంటే ఎవరు పట్టించుకుంటారు? కవిసార్వభౌముడు అన్నాడు కాబట్టే క్లాసులో చదివారు, నన్ను లేపారు.

ఛందోప్రియ:
...ఇది నేనూ క్లాసులో చాలాసార్లు చదివాను. ఎవరి ముఖమూ చూడలేదు. ఇకనుంచి "శ్రీనాథుడిదని చెప్పుకునే చాటువు" అంటాను. అంతకు మించి తగ్గను.

మాచర్ల_కుర్రోడు:
పిల్లల ముందు కూడా అలాగే అంటారా?

ఛందోప్రియ:
అంటాను. కానీ బచ్చలికూర పద్యం ఆయనదే.