అప్‌డేట్: హన్మకొండ ఇంటి బీమ్ పగులు, ప్లాస్టర్‌ది కాదు

పోయిన నెల అడిగాను కదా, మా హాలు బీమ్‌కి పిల్లర్ పక్కన ఏటవాలు గీత వచ్చింది, మేస్త్రీ పుట్టీ పెడితే సరిపోతుందన్నాడని. పుట్టీ పెట్టనందుకు ఇప్పుడు సంతోషం.

స్ట్రక్చరల్ ఇంజనీర్ వచ్చి ముందు ప్లాస్టర్ కొట్టించాడు. పగులు కాంక్రీట్‌లోకీ ఉంది, దాదాపు 45 డిగ్రీల వాలు. బీమ్ మధ్యలో కింది నుంచి నిలువుగా లేచే సన్నని పగుళ్లు వంపు వల్ల వస్తాయట, వాటికి అంత భయం లేదు. సపోర్ట్ (మా దగ్గర పిల్లర్) దగ్గర ఏటవాలుగా వచ్చేది షియర్, అంటే బీమ్‌ని అడ్డంగా కోసేలా పనిచేసే బలం వల్ల వచ్చే పగులు. అది ముదిరితే బీమ్ పెద్దగా హెచ్చరించకుండానే తెగుతుంది.

కవర్ మీటర్ (కాంక్రీట్ లోపల ఇనుము ఎక్కడుందో చూపే పరికరం) పెట్టి చూస్తే రింగులు, అంటే పొడవు కడ్డీల చుట్టూ కట్టి షియర్‌ని ఆపే ఇనుప చుట్లు, 300 మిల్లీమీటర్లకు ఒకటి! మాది 9 బై 15 అంగుళాల బీమ్, ఎఫెక్టివ్ డెప్త్ (బీమ్ పై అంచు నుంచి కింది కడ్డీల మధ్య వరకు ఉన్న లోతు) సుమారు 340 మిల్లీమీటర్లు. ఐఎస్ 456 (కాంక్రీట్ కట్టడాలకు మన దేశ ప్రమాణం) ప్రకారం నిలువు రింగుల దూరం అందులో ముప్పావు వంతు, అంటే 255 దాటకూడదు. (స్లాబ్ రోజు బిర్యానీ పెట్టించాం గానీ రింగులు ఎవరం కొలవలేదు.)

ప్రస్తుతం బీమ్ కింద బరువు మోయడానికి జాకీలు (ఇనుప ఊతాలు) పెట్టించి, పైన వాటర్ ట్యాంక్ ఖాళీ చేశాం. బీమ్‌కి జాకెటింగ్ (చుట్టూ కొత్త కాంక్రీట్ పొర వేయడం) చేయాలన్నాడు ఇంజనీర్, కొత్త రింగులతో. అమ్మ మాత్రం హాల్లో పడుకోవడం మానేసింది.